రెండు పాయింట్ ఇరవై: భూమి లెక్కకు ఏ పేరు పెట్టాలి?

ఊరి భూముల రికార్డైన పహాణీలో విస్తీర్ణం గడిలో 2.20 అని కనిపిస్తే నల్లగొండ రైతు దాన్ని రెండెకరాల ఇరవై గుంటలని చదువుతాడు. నలభై గుంటలకు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాల చెలక. నాగార్జునసాగర్ డ్యామ్ దాటి మాచర్ల వైపు పోతే అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు అవుతుంది. నూరు సెంట్లకు ఒక ఎకరం కాబట్టి మన లెక్కలో అది రెండెకరాల ఎనిమిది గుంటలే. కృష్ణకు అటొక అర్థం, ఇటొక అర్థం. మనుషులకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు, ఏ ఒడ్డున ఉన్నారో వాళ్లకు తెలుసు. ఇబ్బందల్లా కంప్యూటర్‌తోనే. దానికి చుక్క అంటే దశాంశ బిందువు, చుక్క తర్వాత వచ్చేవి పదో వంతులు, నూరో వంతులు. అంటే అది ఎప్పుడూ మాచర్ల రైతులాగే చదువుతుంది. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ భూముల లెక్కను డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ అంకెకు ఒక ప్రత్యేకమైన రకం కావాలి, ఆ రకానికి ఒక పేరు కావాలి. ఆ పేరు ఏమై ఉండాలన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న. చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ప్రపంచంలో డేటాబేస్‌లు తయారుచేసినవాళ్లు యాభై ఏళ్లుగా పడుతూ లేస్తూ వచ్చింది ఇలాంటి ప్రశ్నల దగ్గరే.

డేటా టైప్ అనేది గింజలు పోసుకునే గుమ్మి లాంటిదని చాలామంది అనుకుంటారు: ఎంత పడుతుంది, ఎన్ని అంకెలు పడతాయి, అంతే. 1970లో రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్ ఆలోచన దానికంటే లోతైనది. ప్రతి నిలువు వరుస విలువలూ ఒక ‘డొమైన్’ నుంచి వస్తాయని ఆయన చెప్పాడు. రెండు వరుసల్లోనూ అంకెలే ఉన్నంత మాత్రాన వాటిని పోల్చడం, కలపడం సబబు కాదన్నది ఆ ఆలోచనలో ఇమిడి ఉన్న సంగతి. ఇంటి నంబరూ అంకే, ఇంట్లో మనుషుల సంఖ్యా అంకే. రెంటినీ కూడితే ఏమొస్తుంది? ఎస్‌క్యూఎల్ భాషలోకి డొమైన్ 1992 ప్రమాణంతో గానీ రాలేదు. ఈలోగా అంకె, అక్షరం, తేదీ అనే మూడు గుమ్ముల్లో లోకమంతా సర్దుకుపోవడం అలవాటైంది. ఈ చరిత్ర నుంచి నేను తీసుకునేది ఒక్కటే. డేటా టైప్ పేరు చెప్పవలసింది ఆ విలువ ఎలా కనిపిస్తుందో, లోపల ఎలా దాచబడిందో కాదు. దానితో ఏ లెక్క చెల్లుతుందో, ఏది చెల్లదో చెప్పాలి. పదేళ్ల తర్వాత ఆ పట్టికను తెరిచేవాడికి దాన్ని రాసినవాడు దొరకడు, పక్కన పెట్టిన వివరణ పత్రం దొరకదు. పేరొక్కటే కంటబడుతుంది.

ఉన్న పేర్లను ఈ గీటురాయి మీద గీసి చూస్తే నిలిచేవి తక్కువ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 2012లో ‘జేసాన్’ అనే రకాన్ని, 2014లో ‘జేసాన్‌బి’ అనే రకాన్ని తెచ్చింది. మొదటిది ఇచ్చిన రాతను ఖాళీలతో, వరుసతో సహా ఉన్నదున్నట్టు దాస్తుంది. రెండోది దాన్ని విడగొట్టి, ఒకే పేరు రెండుసార్లు వస్తే చివరిదాన్నే ఉంచి, వరుస మార్చి దాస్తుంది. వాడేవాడికి కావలసిన తేడా ఇదీ. పేరులో ఉన్నదేమో ఒక ‘బి’. లోపల బైనరీగా దాస్తామని చెప్పే అక్షరం అది, ఇంటివాళ్ల గుర్తు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘టైమ్‌స్టాంప్’ అనే రకానికి కాలంతో సంబంధమే లేదు, అడ్డువరుసలో మార్పు జరిగిన ప్రతిసారీ పెరిగే ఒక సంఖ్య అది. తర్వాత ‘రోవెర్షన్’ అని సరైన పేరు పెట్టి, పాత పేరు వాడొద్దన్నారు. ఒరాకిల్‌లో ‘డేట్’ అంటే తేదీ ఒక్కటే కాదు, గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా అందులోనే ఉంటాయి. ఈ రోజు తేదీతో సమానమా అని అడిగితే ఒక్క వరుసా తిరిగి రాక తలపట్టుకోని ప్రోగ్రామర్ ఉండడు. మైఎస్‌క్యూఎల్ ‘యూటీఎఫ్8’ పేరుతో ఇచ్చినదాంట్లో అక్షరానికి మూడు బైట్లే పట్టేవి. అసలు యూటీఎఫ్8కు నాలుగు దాకా కావాలి. తెలుగు అక్షరాలు మూడు బైట్లలో సరిపోతాయి కాబట్టి మనవాళ్లకు ఆ లోటు చాలాకాలం తెలియలేదు, ఎమోజీలు వచ్చాకే బయటపడింది. అప్పుడు పెట్టిన సరైనదాని పేరు ‘యూటీఎఫ్8ఎంబీ4’. తప్పు పేరు ముందే స్థలం ఆక్రమించుకుంటే ఒప్పు పేరు ఇలా తోక తగిలించుకుని పక్కన నిలబడాల్సి వస్తుంది.

తోకల సంగతి వచ్చింది కాబట్టి కొత్తదనాన్ని పేరులో పెట్టే అలవాటు గురించీ ఒక మాట. ఒరాకిల్ ‘వార్‌చార్2’, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008లో తెచ్చిన ‘డేట్‌టైమ్2’ ఈ కోవలోవి. మన దేశమూ ఈ పని చేసింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసల పద్ధతి వచ్చినప్పుడు, రూపాయికి అరవై నాలుగు వచ్చే పాత పైసాతో కలగాపులగం కాకుండా కొత్త నాణేనికి ‘నయా పైసా’ అని పేరు పెట్టారు. ఏడేళ్లకు, 1964లో, ఆ ‘నయా’ను తీసేశారు. పాత పైసా చెలామణి నుంచి పోయింది కాబట్టి అక్కడ అది కుదిరింది. డేటాబేస్‌లో పాతది పోదు, కాబట్టి ‘2’ అలాగే ఉండిపోతుంది. హైవే మీద కర్నూలు పోయేటప్పుడు తగిలే కొత్తకోటలో ఇప్పుడు కొత్తేముంది?

వీటన్నిటిలోనూ మన గుంటల గొడవకు దగ్గరి చుట్టం పోస్ట్‌గ్రెస్‌లోని ‘మనీ’. పేరు చూస్తే తేటగా ఉంది, డబ్బు. కానీ ఆ రకం ఏ దేశపు డబ్బో తనలో రాసుకోదు. రూపాయి గుర్తు వేయాలా, డాలర్ గుర్తు వేయాలా అన్నది ఆ కంప్యూటర్‌లో స్థానిక అమరిక ఎలా ఉందో దాన్నిబట్టి తేలుతుంది. ఒకచోట రూపాయలుగా దాచిన అంకె అమరిక మారిన ఇంకోచోట డాలర్లుగా లేచి కూర్చోవచ్చు. అంకె మారదు, అర్థం మారుతుంది. 2.20 సంగతీ అచ్చం ఇదే. అది గుంటలదా సెంట్లదా అన్నది అంకెలో లేదు, ఏ జిల్లా దస్త్రంలో ఉందన్న బయటి సంగతిలో ఉంది. 1956 నుంచి 2014 దాకా గుంటల జిల్లాలూ సెంట్ల జిల్లాలూ ఒకే రాష్ట్రంలో, ఒకే రెవెన్యూ శాఖ కింద ఉన్నాయని గుర్తు చేసుకుంటే దీని బరువు తెలుస్తుంది. జిల్లాలు కూడా కదలకుండా ఉండవు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న మునగాల పరగణా తర్వాత నల్లగొండలో చేరింది. అప్పటిదాకా రాయచూరు జిల్లావైన గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956లో మహబూబ్‌నగర్‌లో కలిశాయి. 2016 అక్టోబర్ 11న ఈ రెండు పెద్ద జిల్లాలూ ముక్కలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడివడింది. కొలమానం అర్థాన్ని జిల్లా పేరుకు వదిలేస్తే, జిల్లా పేరు మారినప్పుడు అర్థం ఎక్కడ వెతుక్కోవాలి?

ఇప్పుడు ఆ లెక్కను దగ్గరగా చూద్దాం. ఒక రైతుకు రెండు సర్వే నంబర్లలో 1.25, 1.25 ఉన్నాయనుకుందాం. దశాంశ రకంలో దాచిన డేటాబేస్ వాటిని కూడి 2.50 అంటుంది. గుంటల లెక్కలో యాభై గుంటలనేదే లేదు, నలభై కాగానే ఎకరం కావాలి. అసలు జవాబు 3.10, మూడెకరాల పది గుంటలు. ఆ మూడెకరాల పది గుంటలను ఇద్దరు అన్నదమ్ములకు పంచమంటే యంత్రం తలా 1.55 అంటుంది. రావలసింది 1.25. ఇక 2.20ని దశాంశంగా దాచి చూపించేటప్పుడు చివరి సున్నా విలువ లేనిదని రాల్చేస్తే 2.2 మిగులుతుంది. దాన్ని చూసినవాడు రెండెకరాల రెండు గుంటలని చదివితే తప్పు అతనిది కాదు. పద్దెనిమిది గుంటలు ఆ సున్నాతో పోయాయి. గుంటకు 121 చదరపు గజాలు కాబట్టి అది 2,178 గజాల నేల. భూ రికార్డుల పోర్టల్ ధరణి కాలంలో మనకు అలవాటైన 2.2000 లాంటి నాలుగు అంకెల రాతలో మొదటి రెండు గుంటలు, తర్వాతి రెండు గుంటలో భాగాలు. ఇరవైన్నర గుంటలుంటే 2.2050. అంటే చుక్క ఒకటే కనిపిస్తున్నా అందులో రెండు పద్ధతులున్నాయి: మొదట నలభై లెక్క, దాని వెనక నూరు లెక్క. ఇంత వింతైన విలువను ‘దశాంశం’ అనడం గాడిదను గుర్రమని పిలవడమే.

డబ్బు కలిస్తే తేడా రూపాయల్లోకి దిగుతుంది. రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతు భరోసా పథకాన్ని తెలంగాణ ముఖ్యమంత్రి 2025 జనవరి 26న నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో ప్రారంభించారు. ఎకరానికి ఏడాదికి 12 వేలు, పంటకు 6 వేలు. గుంటకు లెక్కగడితే 150 రూపాయలు. 2.20 ఉన్న రైతుకు పంటకు రావలసింది 15,000. అదే అంకెను దశాంశంగా తీసుకుని 6,000తో గుణిస్తే 13,200 వస్తుంది. 2.39 ఉన్నవాడికి, అంటే మూడెకరాలకు ఒక్క గుంట తక్కువ ఉన్నవాడికి, రావలసింది 17,850, దశాంశ లెక్కలో వచ్చేది 14,340. అసలు కార్యక్రమాలు రాసినవాళ్లు ఇలా చేశారని కాదు, నలభైతో భాగించడం వాళ్లకూ తెలుసు. కానీ ఆ తెలివి అంకె పక్కన ఎక్కడా రాసి లేదు. ప్రతి కొత్త ప్రోగ్రామర్ దాన్ని మళ్లీ మొదటినుంచి గుర్తుంచుకోవాలి. ఇంకో సంగతి గమనించండి. గుంటను నూరో వంతుగా చదివినప్పుడల్లా నేల తగ్గుతుందే గాని పెరగదు. యాదృచ్ఛికంగా జరిగే తప్పులైతే కొంత అటు, కొంత ఇటు పోయి సరిపోతాయి. ఇది అలాంటి తప్పు కాదు, ప్రతిసారీ రైతు మీదికే పడుతుంది.

విస్తీర్ణం పక్క గడిలో ఉండే సర్వే నంబరుదీ ఇదే కథ, కాకపోతే అక్కడ మోసం చేసేది ‘నంబరు’ అన్న మాట. తెలంగాణలో సర్వే నంబర్లు విడిపోయినకొద్దీ 145/అ, 145/ఆ, 145/అ/1 అని బై నంబర్లు పుడతాయి. అది కూడేదీ కాదు, తీసేసేదీ కాదు, పెద్దదీ చిన్నదీ కాదు. అది ఒక పేరు. నంబరని పిలిచాం కదా అని అంకెల రకంలో పెడితే ‘అ’ పట్టదు. ఏమీ చెప్పకుండా లెక్కల పట్టికలో కొడితే 12/1ని అది జనవరి పన్నెండో, డిసెంబర్ ఒకటో చేసి తేదీగా మార్చేస్తుంది. ఈ బాధ మన రెవెన్యూ సిబ్బందిదే కాదు. ఇంగ్లిష్ నెలల పేర్లను పోలిన జన్యువుల పేర్లను పట్టికలు తేదీలుగా మారుస్తుంటే భరించలేక, మానవ జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చింది. శాస్త్రం యంత్రానికి తలవంచిన సందర్భాల్లో ఇదొకటి. సర్వే నంబరును మార్చలేం, మార్చకూడదు. దాన్ని దాచే రకానికి మాత్రం నంబరని పేరు పెట్టకూడదు. కేంద్రం భూఖండానికి ఇస్తున్న పద్నాలుగు స్థానాల గుర్తింపు పేరులోనూ నంబరన్న మాట ఉంది గాని, అందులో అక్షరాలు కూడా ఉండొచ్చు. భూమి గుర్తింపుకు తెలంగాణ భూభారతి చట్టం పెట్టిన ‘భూధార్’ అన్న పేరు ఈ విషయంలో మెరుగు. అది తాను అంకెనని అనదు, దేనికి ఆధారమో చెప్పి ఊరుకుంటుంది.

పేరు ఎంత దూరం పోగలదో చూడాలంటే ‘పార్ట్-బి’ని చూడాలి. 2017 సెప్టెంబర్‌లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూముల్ని పార్ట్-ఏ, వివాదం ఉన్నవాటిని పార్ట్-బి అన్నారు. ఫారంలో రెండు భాగాలు, ఏ, బి, అంతే. రాసినవాడికి అది అట్టపెట్టె మీద గుర్తు. కోర్టు కేసు ఉన్న భూమీ, అటవీ శాఖతో సరిహద్దు తగాదా ఉన్న భూమీ, ఆధార్ ఇవ్వని రైతు భూమీ అన్నీ ఆ ఒక్క పెట్టెలోకే వెళ్లాయి. పేరులో కారణం లేదు కాబట్టి పరిష్కారం ఏమిటో కూడా పేరు చెప్పదు. ‘మా భూమి పార్ట్-బిలో పడ్డది’ అని నారాయణపేట నుంచి నకిరేకల్ దాకా జనం అనే మాటలో ఆ రైతుకు తన రోగం పేరు తెలియని దిగులుంది. ఇందుకు ఎదురుబొదురుగా ‘లావణి పట్టా’ ఉంది. అందులో పట్టా అన్న మాట ఉండటంతో అది సొంత పట్టాలాంటిదే అనిపిస్తుంది. వాడుకలో ఎక్కువగా ఆ మాటకు అర్థం ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి భూమి అమ్మకం చెల్లదు. ఒక పేరు ఏమీ చెప్పకుండా ముంచితే ఇంకో పేరు ఎక్కువ చెప్పి ముంచింది. డేటాబేస్‌లో ఈ వర్గాలకు పేర్లు పెట్టేవాడు రిజిస్ట్రేషన్ కౌంటర్ ముందు నిలబడినవాడి ప్రశ్నను మనసులో పెట్టుకోవాలి: ఇది అమ్మొచ్చా, అమ్మకూడదా?

మంచి పేర్లు మన దగ్గర లేకపోలేదు. ‘పహాణీ’ మరాఠీ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం చూడటం, తనిఖీ. పొలం దగ్గరికి పోయి కంటితో చూసి రాసుకున్నదని ఆ పేరే చెబుతుంది. అందులో ఉన్నది హక్కు తీర్పు కాదు, ఆ ఏడాది కనిపించిన సంగతి. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి రాష్ట్రం పోయింది, ఆ పేరు ఉంది. 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణి అయిదేళ్లు నిండకుండానే 2025 ఏప్రిల్ 14న భూభారతికి చోటిచ్చింది. నారాయణపేట జిల్లా మద్దూరు లాంటి మండలాల్లో ముందుగా ప్రయోగం జరిగింది. పోర్టల్ పేర్లు ప్రభుత్వాలతో వస్తాయి, పోతాయి, వాటిలో అందముంటే చాలు. లోపలి రకాల పేర్లు అలా కాదు, రేపు ఇంకో పోర్టల్ వచ్చినా పాత పట్టికలు అవే పేర్లతో అందులోకి దిగుతాయి. అందువల్ల అసలు శ్రద్ధ పెట్టవలసింది లోపలి పేర్ల మీద.

ఇక మన విస్తీర్ణపు రకానికి ఏ పేరు? మొదట తోచేది ‘విస్తీర్ణం’. గడికి అది సరైన శీర్షిక, రకానికి మాత్రం చాలదు, ‘మనీ’ లాగా ఏ కొలతో చెప్పదు. ‘ఎకరం’ అంటే ఇంకా ప్రమాదం, ఎకరాలను దశాంశాల్లో రాస్తారని నమ్మేవాణ్ణి ఆ పేరు అడ్డుకోదు సరికదా, చేయి పట్టి నడిపిస్తుంది. ‘భూకొలత’ పాఠ్యపుస్తకం మాట. దానిలో తప్పు లేదు, పనికొచ్చేదీ లేదు. ‘గుంట’ అని పెట్టవచ్చు, కానీ తెలుగులో గుంట అంటే పల్లం, ఉత్తరాంధ్రలోనైతే ఆడపిల్ల, మన ఊళ్లలోనే దాన్ని ‘కుంట’ అని పలికి చెరువు పిల్లతో కలిపేసేవాళ్లున్నారు. జవాబు, నా ఉద్దేశంలో, దస్తావేజు లేఖరుల చేతిలో ఎప్పటినుంచో ఉంది. వాళ్లు 2.20 అని రాసి వదిలేయరు, ‘ఎ. 2-20 గుం.’ అని రాస్తారు. ముందొక కొలత, వెనకొక కొలత, మధ్యలో చుక్కకు బదులు గీత. కోర్టు దాకా పోయే కాగితం కాబట్టి అనుమానానికి సందు ఇవ్వకూడదన్న జాగ్రత్త అది. ఆ జాగ్రత్తనే పేరు చేస్తే ‘ఎకరగుంట’ అవుతుంది. రెండు కొలతల జంట అని చూడగానే తెలుస్తుంది. జంటను మామూలు అంకెలా కూడకూడదన్న అనుమానం చదివేవాడిలో పుడుతుంది. పేరుకు అంతకంటే చేయవలసిన పని లేదు. గుంటల భాగం నలభై లోపే ఉండాలన్న నిబంధన ఆ రకంలోనే పెడితే 2.45 కొట్టినవాణ్ణి అది అక్కడికక్కడే ఆపుతుంది. కృష్ణ అవతలి లెక్కకు ‘ఎకరసెంటు’ అని తోబుట్టువును పెట్టుకోవచ్చు. రెంటినీ నేరుగా కూడబోతే యంత్రమే ఒప్పుకోదు.

దీనికి రాగల అభ్యంతరాల్లో గట్టిది ఒకటుంది. కొత్త రకమెందుకు, అంతా గుంటల్లోకి మార్చి దాస్తే పోలేదా? రెండెకరాల ఇరవై గుంటలంటే నూరు గుంటలు. మామూలు అంకె, కూడిక, తీసివేత, గుణకారం అన్నీ చెల్లుతాయి. బ్యాంకులు రూపాయల్ని పైసల్లో దాచుకున్నట్టే ఇదీ. నిజమే, లోపల దాచే పద్ధతిగా అంతకంటే మంచిది లేదు, ఎకరగుంట రకం కూడా లోపల అలాగే దాచుకోవచ్చు. కానీ పాసుపుస్తకంలో నూరు గుంటలని రాయలేం, రైతు ఆ లెక్కలో మాట్లాడడు. చూపించే ప్రతిచోటా మళ్లీ ఎకరాలు, గుంటలుగా విడదీయాలి, తీసుకునే ప్రతిచోటా కలపాలి. ఆ పని పది తెరల్లో పదిమంది పది రకాలుగా రాస్తే మనం బయల్దేరిన చోటికే తిరిగొస్తాం. దాచడం, చదవడం, చూపడం మూడూ ఒకే పేరు కింద ఒకేచోట ఉండటమే కొత్త రకం వల్ల లాభం. ఇక మెట్రిక్ పద్ధతి దేశ చట్టం కదా, హెక్టార్లలో దాచండి అనేవాళ్లకు ఒకటే మాట: గుంట అంటే సుమారు 101.17 చదరపు మీటర్లు. అటు మార్చి ఇటు మార్చి సవరించుకుంటూ పోతే ఇరవై గుంటలు ఒకనాటికి 19.99గా తేలుతుంది. గట్టు దగ్గర ఆ వందో వంతుకే తగాదా మొదలవుతుంది.

పేరుతోనే పని జరగదనేవాళ్ల మాటలో సత్యముంది. ఎస్‌క్యూలైట్‌లో రకం పేరు ఏం రాసినా అది ఆ మాటలో కొన్ని ఇంగ్లిష్ అక్షరాల వరుసలను వెతుక్కుని తన రకం తాను తేల్చుకుంటుంది. ‘స్ట్రింగ్’ అని రాస్తే అక్షరాల రకం కాకుండా అంకెల రకం అంటగడుతుంది, ముందున్న సున్నాలు ఊడిపోతాయి. అక్కడ ‘ఎకరగుంట’ అని రాసినా అంకెల గుమ్మిలోకే వెళుతుంది, 2.20 కాస్తా 2.2 అవుతుంది. అలాంటిచోట దస్తావేజు లేఖరి గీతే దిక్కు: 2-20 అని కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే అది అంకె కాదని ఆ యంత్రానికి కూడా అర్థమై, ఉన్నదున్నట్టు ఉంచుతుంది. పేరు కాపలా కుక్కలాంటిది. కంచె వేయడం మానేసి కుక్కను నమ్ముకోమని ఎవరూ అనరు, కంచె ఉంది కదా అని కుక్కకు నోరు కట్టమనీ అనరు.

చివరగా వినిపించేది, తెలుగు పేర్లు యంత్రానికి బరువన్న మాట. పోస్ట్‌గ్రెస్ పేర్లలో తెలుగు లిపిని ఒప్పుకుంటుంది, కాకపోతే పేరుకు 63 బైట్లకు మించి ఇవ్వదు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పోతాయి. ‘పట్టాదారు_పాసుపుస్తకం’ అని పెడితే 61 అవుతుంది. దాని వెనక ‘సంఖ్య’ చేర్చబోతే తోక తెగిపోతుంది. ఇబ్బంది ఉన్నమాట నిజమే, పొడుగు పేర్లు పెట్టేవాళ్లకు. ‘ఎకరగుంట’కు 21 బైట్లు చాలు, ఇంకా 42 మిగులుతాయి.